రెండో వైపు

ఆ రాత్రి కచేరీకి వచ్చినోళ్లు పదిహేడు మంది.
ఇప్పుడు లెక్కేస్తే నలభైకి చేరినారు.
దర్గా సర్కిల్ కాడ చెంగల్రాయుడి టీ బంకులో
ఏ ఆదివారం కూర్చున్నా ఇంకొకడు పుడతాడు,
"నేనూ ఉన్నా ఆ పొద్దు" అంటా.

చిత్తూరు దాటినాక, మూసేసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
వేలూరు నుంచి ఇళవరసి అనే పిల్ల వచ్చింది.
వీణ లేదు, మద్దెల లేదు, గొంతు కూడా విప్పలేదు.
తుప్పు పట్టిన ఖాళీ డబ్బాలు వరసగా పేర్చి
ఒక్కోదానికి బొట్టుబిళ్లంత మైకు అంటించి
గోడకు ఆనుకోని కూర్చునింది.
అంతే కచేరీ.

హేమాద్రి చెప్తాడు:
"మొదట అర్ధగంట ఏమీ లేదు.
ఆ తర్వాత డబ్బాలు ఊపిరి పీల్చినాయబ్బా."
రెహానా ఒప్పుకోదు, ఎల్ఐసీ ఆఫీసు మనిషి.
"ఇరవై రెండు నిమిషాలు. గడియారం చూసినా.
ఊపిరి కాదు, ఎవరో చాటతో బియ్యం చెరిగినారు."
లారీ బుకింగు ఎబినేజరుకు చప్పుడే గుర్తు లేదు,
వాసన గుర్తుండాది.
పదేండ్ల కింద ఆగిపోయిన తోతాపురి వాసన
డబ్బాల్లోంచి లేసి వచ్చిందంట.

మాటలు తిరిగి తిరిగి కొనేకాడికి వస్తాయి.
కాలేజీ కుర్రోడొకడు అడుగుతాడు,
ఇట్లాంటివి యాడ దొరుకుతాయి, ఎట్ల కొనాల?
అందరికీ ఒకేసారి నోరొస్తుంది.
వాయించిన చేతి నుంచే కొను, నడమ ఎవురూ వద్దు.
ముప్పై కాపీలే చేసినామంటే నమ్ము,
మూడువేలంటే నవ్వి ఊరుకో.
క్యాసెట్ అయితే ముక్కు కాడ పెట్టి చూడు,
బూజు వాసనొస్తే దండం పెట్టి వెనక్కి ఇచ్చేయి.
జేబులో పెన్సిలు మరిచిపోవద్దు.
రికార్డు గిన కొంటే
మద్రాసు బస్సులో కిటికీ పక్కన పెట్టొద్దు.
రాణిపేట దాటేలోపల హేమాద్రిది అప్పళమై పోయింది.
తిప్పితే ఫిడేలు సముద్రం మాదిరి లేస్తుంది, పడతుంది.
మంచిది పంపిస్తామంటే వద్దన్నాడు మహానుభావుడు.
రెహానా సలహా ఒకటే:
"వినంగానే నచ్చిందా, కొనొద్దు.
అది నీ ఇంట్లో ముందే ఉండాది."

నేనేమీ చెప్పను.
నన్ను ఎవురూ అడగరు కూడా.

ఆ పొద్దు నేను లోపల లేను.
బయట కానగచెట్టు కింద జనరేటరు కాడ ఉన్నా.
పెండ్లి అనుకోని ఒప్పుకున్నా,
ఐదు గంటలకు పద్దెనిమిదొందలు, డీజిలు వాళ్లదే.
పెండ్లంటే పలకలుండాల, పప్పన్నముండాల.
ఈడ తలుపులు మూసుకున్నారు.
పోయి కిటికీలో తొంగి చూసినా.
నేల మీద, కండ్లు మూసుకోని,
శవం కాడ కూర్చున్నట్టు,
కాదులే, గంగజాతరలో వేషం కట్టే ముందు
సున్నపుబొట్లు ఆరేదాకా కూర్చుంటారే, అట్లా.

తొమ్మిదికి నా ఇంజను దగ్గింది.
ఫిల్టరులో చెత్త.
రేసు కమ్మీ చేత్తో పట్టుకోని
లేపి దించి, లేపి దించి,
అరచెయ్యి బొబ్బలెక్కింది.
ఆపితే లోపల చీకటి. ఆపితే దుడ్డియ్యరు.

ఎనిమిది నెల్లకు ఆ పిల్ల క్యాసెట్ తెచ్చింది.
నాకెందుకో, రెండొందల యాభై ఇచ్చి ఒకటి కొన్నా.
పాతసామాన్ల కొట్లో టేపురికార్డరు కొన్నా,
దానికి మూడొందలు.
ఇంటిది రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి వైపు డబ్బాలు. ఏమీ తెలీలా.
తిప్పి పెట్టినా.
అడుగున, డబ్బాల కింద యాడనో,
ఒకటి లేస్తా, దిగతా,
లేస్తా, దిగతా.
నాకంటే ముందు నా అరచెయ్యి గుర్తుపట్టింది.

హేమాద్రి ఊపిరి అదే.
రెహానా చాట అదే.
ఎబినేజరు వాసన సంగతి నాకు తెలీదు.

మొన్న ఆదివారం కుర్రోడు నా పక్కకు తిరిగినాడు.
"నువ్వూ ఉన్నావా అన్నా, ఆ పొద్దు?"
నోట్లో టీ ఉండాది. మింగి,
"ఉన్నా" అన్నా.
చెంగల్రాయుడు పాలగిన్నె దించతా నవ్వినాడు,
"నలభై ఒకటి."
నేనూ నవ్వినా.

"కొంటే గిన, రెండో వైపు ముందు వినుబ్బా"
అని చెప్పి లేసినా.
గుడిపాలలో పెండ్లి ఉండాది.
నిజం పెండ్లే.